అన్న తల వాసన

రణస్థలం,
ఏప్రిల్ నెల

మావా,

పోలీసులు అన్న బండి ఇచ్చేశారు. స్టేషన్ వెనక తుమ్మకంపలో పడేసి ఉంచారు. చైను తుప్పు పట్టింది. వెనక చక్రం వంగింది, తోక విరిగింది. మిగతా బండి నిక్షేపంలా ఉంది. అదే నాకు మంట. మనిషిని చంపిన లారీ బండిని గీకి వదిలేసింది.

ఫోన్‌లో చెప్పే వీలుంటే నెల్లిమర్ల దాకా ఈ కాయితం రాదు. జూటు మిల్లు మగ్గాలు నీ చెవులు తినేశాయి. మెసేజీలు చూసుకో మావా, మంచి ఫోను కొనిస్తానంటే, అద్దం మీద వేలు రుద్దడం నా వల్ల కాదన్నావు. సరే, రాస్తాను. నాకు చదువు అంతంతమాత్రం. రిపేరు పని కూడా వీడియోలు చూసి నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకో.

జనవరిలో ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. తెల్లారి షిఫ్టుకి వెళ్తూ అన్న ఫ్యాక్టరీ రోడ్డులోకి దిగడానికి హైవే మీద డివైడర్ గ్యాపులో కుడికి తిరిగాడు. సగం దాటాక ఇంజను ఆగిపోయింది. అటు నుంచి లారీ వచ్చింది. పోలీసు కాయితం మీద 'అతివేగం' అని ఉంది. ఆగిపోయిన బండికి వేగం ఎక్కడిది? అక్కడ టీ కొట్టు ఈశ్వరి చూసింది. "బండి సప్పుడు నేదు బాబూ. మీ అన్న కాళ్లతో తోసుకుంటన్నాడు. నేను కేకేసినాను" అంది. ఆమె మాట ఎవరూ రాసుకోలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒకడు నా ముందే అన్నాడు: "స్పోర్ట్స్ బండి కొన్నోడు మంచం మీద సస్తాడేటి?" వాడి పన్ను ఒకటి ఊడింది. నాకు వారం పని ఆపేశారు.

నేను ఈ బండి బాగుచేస్తాను. మళ్లీ ఆగేదాకా నడుపుతాను. ఎందుకు ఆగుతుందో కనిపెడతాను. కనిపెట్టాక, ఈ పాత బండి అన్నకి అంటగట్టిన విజయనగరం కన్సల్టెన్సీ నరేష్‌ని కాలరు పట్టుకుని తెచ్చి ఆ గ్యాపులో నిలబెడతాను. నువ్వు నాకు ఒక్కటి చెప్పు. నడుస్తున్న ఇంజను ఉన్నట్టుండి ఎందుకు ఆగుతుంది?

అమ్మ ఒద్దనలేదు. బండి వాకిట్లో దించగానే వచ్చి ట్యాంకు మీద చెయ్యి వేసింది, జ్వరం చూసినట్టు.

బెన్హర్

✝

నెల్లిమర్ల,
మే నెల

ప్రభువునందు ప్రియమైన మేనల్లుడు బెన్హర్‌కు, మావ థామస్ వందనములు.

నీ ఉత్తరం అందింది. పన్ను ఊడగొట్టినందుకు మెచ్చుకోను, కానీ చదివి కొంచెం నవ్వాను. ప్రభువు క్షమించు గాక.

మోకాళ్లు బాగుంటే నేనే వచ్చేవాణ్ని. గుమ్మం దిగడమే గగనంగా ఉంది. అందుకని నీ చేతులే నా చేతులనుకో. మిల్లులో మగ్గం ఆగిపోతే కుర్రాళ్లు మగ్గాన్ని తన్నేవారు. నేను చెయ్యి వేసి ఊరుకునేవాణ్ని. ఎక్కడ నొప్పో అదే చెబుతుంది. నువ్వు ముందు తన్నడం మానుకో.

బ్యాటరీ మొనలు బిగించు. ఆగింది కుడికి తిరిగేటప్పుడు గనుక, హ్యాండిలు తిప్పితే మెడ దగ్గర తీగలు నలుగుతున్నాయేమో చూడు. సైడ్ స్టాండు దగ్గర చిన్న స్విచ్చు ఉంటుంది. స్టాండు దిగి ఉందని అది పొరబడితే ఇంజను ఆపేస్తుంది. దాన్ని విప్పి తుడిచి, తీగ తెగిందేమో పరీక్షించు. ఆఖరికి పెట్రోలు పంపు. ఈ రకం బండికి అది ట్యాంకు కడుపులోనే ఉంటుంది. తాళం తిప్పగానే ఒకసారి మూలుగుతుంది. పెద్ద స్క్రూడ్రైవరు కొన ట్యాంకుకి ఆనించి, పిడిని పళ్లతో కరిచి పట్టుకో. చెవులు పోయాక నేను యంత్రాలను విన్నది పళ్లతోనే.

చప్పుడు గురించి నాకు ఎంత రాసినా దండగ. పొగ రంగు రాయి. వాసన రాయి. ముక్కు మాత్రం ప్రభువు నాకు వదిలేశాడు.

నా చెల్లెలు స్వర్ణ ఎలా ఉంది? ఇంకా ఆ హాలు ప్రార్థనలకే పోతోందా? మన బాప్టిస్టులకు ఈ అభిషేక తైలాల గోల ఏనాడూ లేదు. మీ తాత చూసి ఉంటే సీసా విసిరేసేవాడు. అయినా కొడుకు పోయిన తల్లి. ఏమీ అనకు.

నీ మావ,
థామస్

రణస్థలం,
ఆగస్టు నెల

మావా,

అన్నీ చేశాను. తీగలు బాగున్నాయి. సైడ్ స్టాండు స్విచ్చు విప్పి, తుడిచి, తీగ మొత్తం చూశాను. దానికేమీ లేదు. స్క్రూడ్రైవరు పళ్లతో కరిచాను. పంపు మూలుగు పుర్రెలో వినిపించింది. బాగానే ఉంది. ఎండల్లో నడిపాను, వానల్లో నడిపాను. గజపతినగరం దాకా పోయి వచ్చాను. ఒక్కసారి ఆగలేదు. ఎప్పుడాగుతుందా అని ప్రతిరోజూ ఆ గ్యాపులో ఊపిరి బిగబడతాను. ఆగలేదంటే ఏడుపొస్తుంది మావా. ఆగకపోతే పోలీసులు రాసిందే నిజమవుతుంది.

ఇంకొకటి. ట్యాంకు మూత మీద జిడ్డు వేలిముద్రలు ఉంటున్నాయి. నావి కావు. నేను గుడ్డతో తుడుస్తాను. కొన్నాళ్లకి మళ్లీ ఉంటాయి. అన్న ఎప్పుడూ దిగగానే మూత మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టేవాడు, నీకు గుర్తుందా?

అమ్మని ఏమీ అనకు అన్నావు. అనేశాను. ఆదివారం ఆ నూనె సీసా పట్టుకుని నా తల మీదకి వచ్చింది. అన్న బతికుండగా ప్రతి ఆదివారం వాడి తలకి రాసేది. వాడు పెళ్లికొడుకులా కూర్చుని రాయించుకునేవాడు, నవ్వుతూ. నేను సీసా తోసేశాను. "ఆడి నెత్తిన పోసినావు గదా! ఏటి కాసిందే నీ నూనె?" అని అరిచాను. అమ్మ నేలమీద ఒలికిన నూనె అరచేత్తో తుడిచి తన తలకి రాసుకుంది.

వాసన గురించి అడిగావు. అది రాయను.

బెన్హర్

✝

నెల్లిమర్ల,
సెప్టెంబరు

ప్రభువునందు ప్రియమైన మేనల్లుడికి వందనములు.

రాయనన్నావంటే వాసన ఉందన్నమాట. పొగాకు వాసనా, కాలిన రబ్బరా, తీపి వాసనా? నీకు సిగ్గేదైనా ఉంటే దేవుడి దగ్గర పెట్టుకో. రిపేరు చేసేవాడి దగ్గర పెట్టుకోకూడదు. మీ అన్న ఏసురాజు కూడా నా దగ్గర ఏదో దాచాడు. కిందటి క్రిస్మస్‌కి వచ్చినప్పుడు, "బండి పొద్దున్నే దగ్గుతన్నాది మావా" అన్నాడు. పొద్దున్నే ఎందుకు, మధ్యాహ్నం ఎందుకు దగ్గదు అని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. అప్పటి నుంచి ఆ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది.

థామస్

రణస్థలం,
డిసెంబరు

మావా,

ఆగింది.

మంచు పడుతోంది. చలికి వేళ్లు బిగుసుకుపోయాయి. హైవే ఎక్కిన కాసేపటికే బండి దగ్గడం మొదలుపెట్టింది, గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు. యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేవదు, కిందకి దిగుతుంది. గ్యాపులో కుడికి తిప్పాను. సగం దాటాక చచ్చిపోయింది. అదే చోట మావా. అన్న చెప్పులు పడిన చోట. అటు నుంచి లైట్లు వస్తున్నాయి. నేనూ కాళ్లతోనే తోశాను. ఈశ్వరి కొట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చి హ్యాండిలు పట్టుకుని లాగేసింది. లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

ఈశ్వరి నన్ను కొట్టింది. నిజంగానే, చెంప మీద. తర్వాత ఏడ్చింది. "ఒరే గుంటడా, ఈ బండి నీది కాదురా. ఇది దాని మడిసి కోసం ఎతుకుతున్నాది" అంది. ఇంకో మాట కూడా అంది. నేను ఎండాకాలం నుంచి నోరు మూసుకుని మోస్తున్న మాట. "నువ్వు కొట్టు ముందు నుంచి పోతే పొగలో ఏసురాజు తల వాసన వస్తాది. నాకొక్కదానికేనా, నీకూ వస్తాదా?"

నాకూ వస్తుంది మావా. అదే నేను రాయనన్నది. తెల్లగా పల్చని పొగ. దాంట్లో అన్న తల వాసన. పక్కన పడుకుంటే దిండుకి అంటేదే, ఆ వాసన. సిగ్నల్ దగ్గర ఆగితే వెనక నుంచి వచ్చి నన్ను కప్పుతుంది. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. దేవుడి మీద కూడా లేదు. మరి ఇదేమిటో నువ్వే చెప్పు.

మధ్యాహ్నం ఎండ వచ్చాక తాళం తిప్పితే ఒక్క దెబ్బకి స్టార్టయింది.

బెన్హర్

నెల్లిమర్ల,
డిసెంబరు

బెన్హర్‌కి,

ఆలోచించాను. అది సైడ్ స్టాండు స్విచ్చు. చలికి లోపల బిగుసుకుంటుంది. ఇంకేమీ లేదు. ఆ బండి ఇంక తొక్కవద్దు. తుక్కు కింద అమ్మేసి, కంపెనీ బస్సులో వెళ్లు. వాసన సంగతి ఎవరితోనూ అనకు. ముఖ్యంగా ఇంట్లో.

థామస్

రణస్థలం,
డిసెంబరు

మావా,

నువ్వు నాకు అబద్ధం రాశావు.

స్విచ్చు నేను ఆగస్టులోనే విప్పి చూశాను, నీకు రాశాను. నువ్వు మరిచిపోయే మనిషివి కాదు. పైగా నీ కాయితం పైన సిలువ లేదు. వందనాలు లేవు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి నువ్వు తాత పేరుతో దొంగ సెలవు చీటీ రాశావట. పైన సిలువ లేదని మేష్టారు అక్కడే పట్టేశారట. "మా అన్న సిలువేసి అబద్దం రాయనేడు" అని అమ్మ ఎన్నిసార్లు చెప్పి నవ్వేదో. నేను కాయితం చేతిలోకి తీసుకోగానే ముందు పైనే చూశాను.

నువ్వు చెప్పకపోతే నేనే చూసుకుంటానని, తెల్లారే, చలిలోనే ట్యాంకు దించాను. పంపు బయటికి తీశాను. పంపు అడుగున చిన్న జల్లెడ ఉంటుంది గదా, దానికి తెల్లగా పట్టి ఉంది. పేరిన నెయ్యిలా. వేలితో తీసి వాసన చూశాను. కొబ్బరినూనె. అగరొత్తుల వాసన కలిపిన కొబ్బరినూనె. నూనె పెట్రోలు కంటే బరువు, అడుక్కి చేరుతుంది. చలికి గడ్డకట్టి జల్లెడ మూసేస్తుంది. ఎండెక్కితే కరిగిపోతుంది. పొద్దున్నే ఎందుకు దగ్గుతుందో నీకు ఇప్పుడు తెలిసిందిగా. నీకు నాకంటే ముందే తెలుసు.

ఇది నరేష్ పనే. బండి అమ్మకముందు ఇంజను చప్పుడు వినబడకుండా ఏదో నూనె పోసి ఉంటాడు. మరి ఇన్నాళ్లు ఎలా ఉందంటావా? నాకు తెలీదు. వాడే చెబుతాడు. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం నాకు సెలవు. విజయనగరం వెళ్తున్నాను. బాయిలర్ దగ్గర వాడే ఇనుప రాడ్డు సంచిలో పెట్టుకున్నాను. అన్న చావుకి ఒకడు జవాబు చెప్పాలి మావా. ఎవడో ఒకడు.

బెన్హర్

✝

నెల్లిమర్ల,
జనవరి

ప్రభువునందు ప్రియమైన మేనల్లుడు బెన్హర్‌కు వందనములు.

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఇది అందేసరికి నువ్వు బయలుదేరకుండా ఉండాలని మోకాళ్ల మీద ఉన్నాను. నొప్పి సంగతి తర్వాత.

నరేష్ జోలికి పోకు. ఆ మనిషి మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు. కానీ ఈ నూనె అతనిది కాదు. అమ్మేటప్పుడు పోసిన నూనె అయితే ఎప్పుడో కాలిపోయేది. ఇది ఎప్పటికప్పుడు పోస్తున్న నూనె. నీకు ఇంకా అర్థం కాలేదంటే, అర్థం చేసుకోకూడదని నీ మనసు పట్టుబట్టి కూర్చుందని అర్థం. నాదీ అలాగే కూర్చుంది. పొగలో ఏసురాజు తల వాసన అని నువ్వు రాసిన క్షణమే నాకు తెలిసిపోయింది. అందుకే అబద్ధం రాశాను. రాశానని ఒప్పుకుంటున్నాను, కానీ పశ్చాత్తాపం లేదు.

ఆదివారం ఎక్కడికో వెళ్తున్నానని చెప్పి, బండి ఇంట్లోనే వదిలి బయలుదేరు. వీధి చివరి దాకా పోయి వెనక్కి రా. దొడ్డి తడక వెనక నిలబడు. చూడు. ఏం చూసినా అరవకు. ఆ సంచి మాత్రం నీతో తీసుకెళ్లకు.

నీకు ఏమీ కనబడకపోతే నన్ను ముసలి పిచ్చివాడనుకో. అలా అనుకోవాలని ప్రార్థిస్తున్నాను.

థామస్

రణస్థలం,
జనవరి

మావా,

చూశాను.

అమ్మ ప్రార్థన హాలు నుంచి వచ్చింది. బైబిలు లోపల పెట్టి, కాళ్లు కడుక్కుంది. గోడ మేకుకి ఉన్న బండి తాళం తీసింది. దాంతో మూత తెరవడం అన్నే నేర్పి ఉంటాడు. ట్యాంకు మూత తెరిచింది. ముసుగు కప్పుకుంది. నేను తడక సందులోంచి అన్నీ విన్నాను.

"పెబువా, ఆ పాలి సీసా అడుగంటీసింది. కుసింతే పోసినాను. అందుకే గదా నా పెద్దోణ్ని తీసికెల్లిపోనావు. ఈ గుంటడు తల ఒంచడు పెబువా. ఆడి బదులు ఆడి బండి తల మీద పోస్తన్నాను. తక్కువ సెయ్యను. నిండా పోస్తన్నాను."

బండికి తల అదేనట మావా. మూత తీసే చోటు. అభిషేకం తల మీదే గదా చెయ్యాలి.

పోస్తూనే ఉంది. సన్నటి ధార. పోశాక మూత పెట్టి, దాన్ని రెండుసార్లు తట్టింది. అలా తట్టడం అన్న అమ్మని చూసే నేర్చుకున్నాడు. అమ్మ పోస్తుందని వాడికి తెలుసు. బండి దగ్గుతోందని నీకు చెప్పిన రోజు కూడా తెలుసు. నవ్వి ఊరుకున్నాడన్నావు గదా. అమ్మ చెయ్యి ఆపలేక నవ్వాడు వాడు.

నేను అరవలేదు.  ఏడాదిగా ఒకడి పీక పిసకాలని చేతులు చాచుకుని తిరిగాను. ఆ చేతులు ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలి? చెప్పు. ఆవిడకి తెలిస్తే బతకదు. తెలియకపోతే పోస్తూనే ఉంటుంది. తక్కువ పోసినందుకే అన్న పోయాడనుకుంటోంది. ప్రతివారం ఇంకాస్త ఎక్కువ పోస్తుంది. ట్యాంకు కడిగాను, జల్లెడ మార్చాను. తాళం దాచేద్దామంటే, ఎందుకు దాచావంటే ఏం చెప్పను?

నువ్వు ఒక ఉత్తరం రాయాలి. అమ్మకి చదివి వినిపించడానికి. అబద్ధమే రాయి. కానీ గట్టిగా రాయి. నీ మాట అంటే ఆవిడకి వాక్యం.

బెన్హర్

నెల్లిమర్ల,
జనవరి

చెల్లెలు స్వర్ణకి, అన్న థామస్ రాయునది.

బెన్హర్ చేత బండి మొత్తం విప్పించి, ఒక్కొక్క భాగం గురించి రాయించుకుని తెలుసుకున్నాను. ఏసురాజు బండి ఆగడానికి కారణం సైడ్ స్టాండు దగ్గర తెగిన తీగ. అది బండి కొన్ననాడే సగం తెగి ఉంది. ఎవరికీ కనబడే చోటు కాదు. కొడుకు తప్పు లేదు, వేగమూ లేదు. ఎవరి ప్రార్థనా తక్కువ కాలేదు. చెయ్యవలసింది ఎవరూ మానలేదు. ఇప్పుడు తీగ మార్చాము.

ఒక్క మాట గుర్తుంచుకో. ఇనుముకి అభిషేకం లేదు. మన నాన్న బోధ నీకు గుర్తుండే ఉంటుంది, ప్రవక్త తైలం పోసింది మనిషి తల మీద, అతని గాడిద మీద కాదు. నీకు నూనె పొయ్యాలని ఉంటే బెన్హర్ తల మీద పొయ్యి. వాడు వంచుతాడు. వంచమని నేను ఆజ్ఞాపిస్తున్నాను.

థామస్

రణస్థలం,
ఫిబ్రవరి

మావా,

ఆదివారం నీ ఉత్తరం చదివాను. చదివే ముందు ఒక పని చేశాను. పైన సిలువ నేనే గీశాను. నీలం పెన్నుతో, నీలాగే నిలువు గీత పొడుగ్గా. అన్న పోయాక నేను గీసిన మొదటి సిలువ అబద్ధం మీద గీశాను. పైవాడికి కోపమొస్తే నా మీదకే రానీ. నాకూ ఆయనకీ లెక్క ఎలాగూ ఉంది. వందనాలు కూడా నోటితో కలిపేశాను.

అమ్మ గోడకి ఆనుకుని, మోకాళ్లు కౌగిలించుకుని విన్నది. 

"అయితే తీగేనా?"

"తీగేనే అమ్మా."

"నూనె తక్కువై కాదన్నమాట."

"కాదు."

"ఎక్కువై కూడా కాదన్నమాట."

మావా, ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు. నువ్వూ రాయలేదు.

"ఏదీ, ఆ కాయితం ఇలాగియ్యి" అంది. అమ్మకి చదువు రాదు. కానీ బొటనవేలు తిన్నగా పైకి పోయింది, సిలువ మీదకి. దాన్ని అటూ ఇటూ రాసి చూసింది. సిరా ఇంకా పూర్తిగా ఆరలేదేమో, వేలికి కాస్త నీలం అంటింది.

"మీ మావకి సెయ్యి ఒణుకుతున్నాదేటిరా?"

"ముసిలోడైపోనాడు గదే."

"ఊఁ" అంది.

కాయితం మడిచి బైబిల్లో పెట్టుకుంది. లోపలికి పోయి సీసా తెచ్చింది. "ఒంగు" అంది. ఒంగాను. పోసింది. చెవుల వెనక నుంచి కాలరులోకి కారింది. చెయ్యి నా నెత్తి మీదే ఉంచింది. ప్రార్థన చేస్తుందని కళ్లు మూసుకున్నాను. చెయ్యలేదు.  చెయ్యి మాత్రం తియ్యలేదు, ఎంతసేపో.

మర్నాడు తెల్లారి బండి తీశాను. పొగలో పెట్రోలు వాసన తప్ప ఇంకేమీ లేదు. అన్న వాసన హెల్మెట్‌లో ఉంది. నా తల నుంచే వస్తోంది. గ్యాపులో కుడికి తిప్పాను. ఇంజను ఆగలేదు. అవతలికి చేరాక నేనే ఆపి, కాసేపు నిలబడ్డాను. హెల్మెట్ తీస్తే ఈశ్వరి టీ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఓలమ్మో" అంది. 

ఇనుప రాడ్డు బాయిలర్ దగ్గర పెట్టేశాను. ట్యాంకు మూత రోజూ చూస్తాను. జిడ్డు లేదు. అయినా చూస్తాను.

నాకు ఒక ఉత్తరం రాయి మావా. పెద్ద సంగతులు ఒద్దు. నీ మోకాళ్ల గురించి రాయి, మిల్లు వాసన గురించి రాయి, అక్కడ పడిన మంచు గురించి రాయి. ఏదైనా పూర్తిగా నిజమైనది. పైన సిలువ నువ్వే గియ్యి. కవరు చింపగానే అమ్మ వేలు అక్కడికే పోతుంది.

బెన్హర్